పెద్దలొచ్చే దారిలో ఊళ్లు

చేవెళ్లలో సభ పెడితే రాష్ట్రమంతా వార్త అవుతుంది. ఆ రోజు చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్ల బతుకు ఎలా నడిచిందో మాత్రం ఎవరూ రాయరు.

2023 ఆగస్టు 25, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. మరునాడు శ్రావణ శనివారం. శ్రావణమాసం వచ్చిందంటే చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్, శంకర్‌పల్లి మండలాల పూలతోటల్లో మనుషులకు తీరిక దొరకదు. చామంతి, బంతి, గులాబీ తెల్లారకముందే బండెక్కి హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలి. శనివారం కాబట్టి చిలుకూరు బాలాజీ గుడికి నగరం నుంచి జనం కదులుతారు. సరిగ్గా ఆ శనివారమే, ఆగస్టు 26న, చేవెళ్లలో కాంగ్రెస్ ప్రజాగర్జన సభ జరిగింది. ఏఐసీసీ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే వచ్చి పన్నెండు అంశాల ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ విడుదల చేశారు. అంతకు నాలుగు నెలల ముందు, ఏప్రిల్ 23న, ఇదే చేవెళ్లలో అమిత్ షా విజయ సంకల్ప సభ. ఆ తర్వాతి ఏడాది ఏప్రిల్ 13న కేసీఆర్ సభ. ఏడాది తిరగకముందే మూడు పెద్ద పార్టీల అగ్రనేతలు ఈ ఊరికి వచ్చి వెళ్లారు.

వాళ్లు ఏం మాట్లాడారో మర్నాటి పత్రికల్లో వచ్చింది. రిజర్వేషన్ల మీద ఎవరేమన్నారు, ఎవరి సభకు ఎంతమంది వచ్చారు, ఎవరు వేదిక మీద ఎవరి పక్కన కూర్చున్నారు, అన్నీ వచ్చాయి. ఈ కథనం వేదిక గురించి కాదు. వేదిక దాకా పోయే రోడ్డు గురించి, దాని పక్కన బతికేవాళ్ల గురించి.

నడిచిన నేత నుంచి కాన్వాయ్ దాకా

చేవెళ్ల మీద రాజకీయ నేతలకు ఈ మక్కువ 2003 ఏప్రిల్ 9న మొదలైంది. ఆ రోజు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇక్కడి నుంచే పాదయాత్ర మొదలుపెట్టారు. మండుటెండల్లో 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి ఇచ్ఛాపురం చేరారు. మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటినుంచి చేవెళ్ల కలిసొచ్చే ఊరన్న నమ్మకం పాతుకుపోయింది. 2021 అక్టోబర్ 20న ఆయన కూతురు షర్మిల ప్రజాప్రస్థానం పాదయాత్ర కూడా ఇక్కడి నుంచే కదిలింది.

నమ్మకంతో పాటు భూగోళం కూడా కలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి గంట, గంటన్నర దూరం. అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగితే అజీజ్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి దాటి తిన్నగా చేవెళ్ల. అటువైపు మన్నెగూడ మీదుగా పరిగి, వికారాబాద్, తాండూరు జనాన్ని తేవచ్చు. లోక్‌సభ నియోజకవర్గం కూడా అలాంటిదే. శేరిలింగంపల్లి ఐటీ టవర్ల దగ్గర మొదలై తాండూరు నాపరాయి గనుల దాకా పోతుంది. లక్షమంది కూర్చునే మైదానం కావాలంటే ప్లాట్లు వేసి అమ్ముడుపోకుండా ఉన్న వెంచర్లకు ఇక్కడ కొదవ లేదు.

పేరు ఇంతగా మోగిన చేవెళ్లకు దక్కిందేమిటని రైతును అడగండి, నీళ్ల ముచ్చట ఎత్తుకుంటాడు. ప్రాణహిత–చేవెళ్ల పథకం పేరులోనే ఈ ఊరు ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత నీళ్లు ఎత్తి, 16 లక్షల ఎకరాలకు పైగా తడిపి, చివరకు చేవెళ్లకు తేవాలన్నది ఆ ఆలోచన. తర్వాత ఆ పథకాన్ని మార్చి కాళేశ్వరం కట్టినప్పుడు చివరన ఉన్న చేవెళ్లే జారిపోయింది. ఇవాళ్టికీ ఇక్కడి కూరగాయ తోట బోరుబావి నీళ్లమీదే నిలబడింది. వెయ్యి అడుగులు తవ్వి, మోటారు కాలిపోతే బాగుచేయించుకుని, కరెంటు కోసం రాత్రిళ్లు మేలుకొని పండించిన పంట అది. సభ రోజున రోడ్డు మీద నిలిచిపోయే బండిలో ఉండేది ఈ పంటే. అందుకే ఆ ఆలస్యం బరువు ఎంతో బయటివాళ్లకు తెలియదు.

2003లో ఏప్రిల్ ఎండలో నడుస్తున్న నాయకుడి పక్కకు ఎవరైనా వచ్చి మాట్లాడగలిగారు. అదే ఏడాది అక్టోబర్ 1న తిరుపతి అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద మందుపాతర పేలింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. 1991లో శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీని పోగొట్టుకున్న దేశం ఇది. కాబట్టి పోలీసుల భయాన్ని తేలిగ్గా తీసుకోవడం అన్యాయం. 2022 జనవరి 5న పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ దగ్గర ప్రధాని కాన్వాయ్ ఒక ఫ్లైఓవర్ మీద ఇరవై నిమిషాలు ఆగిపోతే ఎంత దుమారం రేగిందో, ఎంతమంది అధికారులు జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందో గుర్తుండే ఉంటుంది. ఒక్క ట్రాక్టర్ అడ్డం వస్తే ఉద్యోగం పోతుందన్న బెంగతో రోడ్డు మీద నిలబడే ఎస్సైని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అతనికి పైనుంచి వచ్చిన ఆదేశంలో నేత పేరు ఉంటుంది, సమయం ఉంటుంది, దారి ఉంటుంది. కూరగాయల బండి ఉండదు.

బందోబస్తు ఎలా దిగుతుంది

అగ్రనేత రాక ఖాయమైందంటే పని రెండు మూడు రోజుల ముందే మొదలవుతుంది. కేంద్ర భద్రత ఉన్న నేత అయితే ఢిల్లీ నుంచి ముందస్తు బృందం వస్తుంది, జిల్లా పోలీసులతో, రోడ్లు భవనాల శాఖతో, కరెంటోళ్లతో, ఫైర్, వైద్య శాఖలతో కూర్చుంటుంది. హెలిప్యాడ్ ఎక్కడ, అది పనికిరాకపోతే రోడ్డు మార్గం ఏది, దగ్గరి ఆసుపత్రిలో ఏ గ్రూపు రక్తం సిద్ధంగా ఉంది, ఏ మిద్దె మీద ఎవరు నిలబడాలి, అన్నీ రాసుకుంటారు. బాంబు స్క్వాడ్ కల్వర్టులు తనిఖీ చేస్తుంది. డ్రోన్లు ఎగరేయొద్దని ఉత్తర్వు వస్తుంది. సర్వికర్రలు, ఇనుప బారికేడ్లు డీసీఎంలలో దిగుతాయి. నేత రాకముందు ఖాళీ కార్లతోనే కాన్వాయ్ నడిపి చూస్తారు. అంటే నేత లేని కాన్వాయ్ కోసం కూడా రోడ్డు ఒకసారి ఆగుతుంది.

ఇదంతా జాగ్రత్తగా, పద్ధతిగా జరుగుతుంది. మన పోలీసులకు ఈ పని బాగా తెలుసు. వేదిక ఎత్తు దగ్గరి నుంచి వెనకగేటు తాళం దాకా దేనికీ లెక్క తప్పదు. ఇంత పద్ధతి తెలిసినవాళ్లు ఆ రోడ్డు మీద ప్రతిరోజూ తిరిగేవాళ్ల కోసం ఒక పేజీ ఎందుకు రాసుకోరన్నదే నా బాధ.

పూలబండికి మూడు గంటలు

జెర్బెరా పువ్వును దగ్గరగా చూసినవాళ్లకు ఈ సంగతి త్వరగా అర్థమవుతుంది. మొయినాబాద్, చేవెళ్ల చుట్టూ పాలీహౌస్‌లు బోలెడు. అందులో పెరిగిన జెర్బెరాను కాడతో సహా మొదలు దగ్గర పట్టుకుని పక్కకు వంచి లాగుతారు, కత్తితో కోయరు. వెంటనే బకెట్ నీళ్లలో పెడతారు. రేకులు చిట్లకుండా ఒక్కో పువ్వుకు చిన్న ప్లాస్టిక్ తొడుగు తొడుగుతారు. పదేసి కట్టలు కడతారు. పెళ్లి మండపానికి, రిసెప్షన్ వేదికకు పోయే పువ్వు అది. కాడ వంగినా, రేకు మడతపడినా కొనేవాడు పక్కన పెట్టేస్తాడు. చామంతి, గులాబీలు గోతాల్లోనో బుట్టల్లోనో పోతాయి. అవైతే ఇంకా సుకుమారం. ఒకసారి వేడెక్కితే నల్లబడతాయి.

గుడిమల్కాపూర్‌లో బేరం తెల్లవారుజామునే జోరుగా ఉంటుంది. ఎండెక్కేసరికి పెద్ద కొనుగోలుదారులు వెళ్లిపోతారు. అప్పుడొచ్చిన సరుకుకు చిల్లర వాళ్లు చెప్పిందే ధర. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరిన ట్రాలీ ఆటో ఆరింటికి చేరితే ఒక రేటు, పదింటికి చేరితే ఇంకో రేటు. ఆ తేడా తోట కూలీల డబ్బు. పూలు కోసిన ఆడవాళ్లకు కూలి ఆ రోజే ఇవ్వాలి, మార్కెట్‌లో రేటు పడిపోయిందని వాళ్లకు తక్కువ ఇవ్వలేరు కదా.

కూరగాయల సంగతీ అంతే. టమాటా కాస్త ఆగుతుంది. క్యారెట్ కడిగి బస్తాల్లో నింపినాక ఒక పూట ఆగుతుంది. కొత్తిమీర, పాలకూర, మెంతికూర ఆగవు. సాయంత్రం కోసి, తడిగుడ్డ కప్పి, తెల్లారేసరికి మెహిదీపట్నం రైతుబజార్‌లో దింపితేనే డబ్బు. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలైన నాటినుంచి ఈ మండలాల రైతులకు నగరంతో తెగని బంధం అది. కార్డు ఉన్న రైతు తన స్థానంలో కూర్చుంటాడు, తన చేతితో తూచి అమ్ముకుంటాడు. ఆలస్యంగా వచ్చిన రోజు పొద్దుటి బేరం పోతుంది. మధ్యాహ్నం వాడిపోయిన కట్టలు మేకలకు వేసి రావడమే.

సభ మధ్యాహ్నమో సాయంత్రమో కదా, తెల్లవారుజాము బండికి ఏమవుతుందని అడగొచ్చు. సరుకు దింపిన బండి తిరిగి రావాలి. సాయంత్రం కోతకు కూలీలను, బుట్టలను, ఖాళీ ట్రేలను తేవాలి. మధ్యాహ్నం నుంచి రోడ్డు మళ్లిస్తే ఆ బండి శంకర్‌పల్లి మీదుగానో షాబాద్ మీదుగానో చుట్టు తిరగాలి. డీజిల్ ఎక్కువ, పూట తక్కువ. సభ ముగిశాక బస్సులు, కార్లు, ట్రాక్టర్లు అన్నీ ఒకేసారి రోడ్డెక్కితే రాత్రి బయల్దేరాల్సిన రెండో బండి మైసిగండి మైసమ్మకు మొక్కుకున్నా కదలదు. బారికేడ్ దగ్గర "సారూ, పూలబండి సారూ, వాడిపోతయ్" అని ఎన్ని రాత్రులు ఎంతమంది బతిమాలి ఉంటారు! ఎదురుగా ఉన్న కానిస్టేబుల్ కూడా రైతుబిడ్డే కావచ్చు. వదలాలని ఉన్నా వదిలే అధికారం అతని చేతిలో లేదు.

బస్సు ఎక్కడికి పోయింది

సభకు ముందురోజు ఊళ్లలో మొదట కనబడకుండా పోయేది ఆర్టీసీ బస్సు. జనసమీకరణకు పార్టీలు బస్సులు అద్దెకు తీసుకోవడం మామూలైంది. 2018 సెప్టెంబర్ 2న ఇదే రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో జరిగిన ప్రగతి నివేదన సభకు వేల సంఖ్యలో బస్సులు కదిలాయి. ఆర్టీసీకి ఆదాయం వస్తుంది, కాదనను. కానీ పరిగి, వికారాబాద్, తాండూరు డిపోల బస్సులు సభకు పోతే, మామూలు రోజున అదే బస్సులో వచ్చే నర్సు, సెక్యూరిటీ గార్డు, ఇంటి పనికి పోయే ఆడమనిషి ఏం చేయాలి? 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటినుంచి ఈ దారిలో కూరగాయల మూటలతో ఎక్కేవాళ్లు మరీ పెరిగారు. ఉచితంగా పోయే మనిషి బస్సు లేని రోజున షేర్ ఆటోకు డబ్బిచ్చి పోవాలి. లేదంటే ఆ రోజు పని మానుకోవాలి. మానుకుంటే ఆ రోజు కూలి లేదు.

ఈ రోడ్డు చదువుల రోడ్డు కూడా. గండిపేట దగ్గర సీబీఐటీ, ఎంజీఐటీ, అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, చిలుకూరులో కేజీ రెడ్డి, ఎనికేపల్లి వైపు జోగినపల్లి, భాస్కర్ మెడికల్ కాలేజీ. పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు బారులు తీరతాయి. శనివారం చాలా కాలేజీలకు పనిదినమే. సభ రోజున ఒంటిపూట ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు. ల్యాబ్ పరీక్ష ఉన్న పిల్లకు అది సరిపోదు.

అన్నింటికన్నా కలవరపెట్టేది ఆసుపత్రి. చేవెళ్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు రెండు దగ్గర్లోనే ఉన్నాయి. అయినా తలకు దెబ్బ తగిలినా, గుండెపోటు వచ్చినా, కాన్పు కష్టమైనా చివరకు పోయేది నగరానికే. ఉస్మానియా, గాంధీ, నిమ్స్. 108 అంబులెన్స్‌కు దారి ఇవ్వాలన్నది అందరికీ తెలిసిన నియమం, పోలీసులూ ఇస్తారు. కానీ మొయినాబాద్ నుంచి అప్పా జంక్షన్ దాకా రెండు వైపులా నిలిచిపోయిన వాహనాల మధ్య దారి ఇవ్వడానికి చోటే లేకపోతే? 108 దొరక్క సొంత ఆటోలో బయల్దేరిన గర్భిణికి సైరన్ ఉండదు. ఆమెను ఎవరు గుర్తుపట్టాలి?

ఆశ్చర్యం ఏమిటంటే, మన ఎన్నికల సంఘం సభలో తాగిన టీకి కూడా లెక్క కడుతుంది. అభ్యర్థి ఖర్చు అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు దాటకూడదని పరిమితి. దానికోసం జిల్లా అధికారులు ధరల పట్టిక తయారుచేస్తారు. కుర్చీ అద్దె ఎంత, షామియానా ఎంత, సమోసా ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజు వాడిపోయిన పూలబుట్ట మాత్రం ఏ పట్టికలోనూ లేదు.

ముందస్తుగా ఇంట్లోంచే

బారికేడ్ అందరికీ కనబడుతుంది. కనబడని బందోబస్తు ఇంకొకటి ఉంది. ముఖ్యమంత్రో మంత్రో వస్తున్నారంటే ముందురోజు రాత్రో, ఆ తెల్లవారుజామునో తలుపు తడతారు. బిల్లులు రాని మాజీ సర్పంచ్, జీతం పెంచమన్న ఆశా కార్యకర్త, విద్యార్థి సంఘం కుర్రాడు, ప్రతిపక్ష పార్టీ మండల నాయకుడు. స్టేషన్‌కు తీసుకెళ్లి కూర్చోబెడతారు, సభ అయిపోయాక వదులుతారు. చట్టంలో దీనికి సెక్షన్ ఉంది. పాత సీఆర్‌పీసీ 151 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 170 అయింది. గుంపులను నిషేధించే 144 ఇప్పుడు 163. 2024 జులై 1 నుంచి నంబర్లు మారాయి, తలుపు తట్టడం మారలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ అలవాటు మాత్రం చేయి మారుతుందే గాని పోదు. నిన్న ఖండించినవాళ్లు ఇవాళ ఆదేశిస్తారు.

నేరం చేయబోతున్నాడని గట్టి ఆధారం ఉంటే ఆపడం వేరు. వినతిపత్రం పట్టుకుని వస్తాడేమోనని ఇంట్లోంచే తీసుకుపోవడం వేరు. వినతిపత్రం ఇవ్వడానికి కాకపోతే నాయకుడు ఊరికి రావడం దేనికి?

అసలే ఇరుకు దారి

ఇంత గోల ఎందుకవుతుందో తెలియాలంటే ఈ రోడ్డును చూడాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి. రెండు పక్కలా నీడ పట్టే మర్రిచెట్లు, తొమ్మిది వందలకు పైగా. నాలుగు వరసలు చేయాలని ఏళ్ల కిందటే నిర్ణయమైంది. చెట్లను కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. వాళ్ల వాదన సరైనదే, ఆ చెట్లు కొట్టేస్తే మళ్లీ రావు. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి పని చేద్దామన్న ఒప్పందం కుదిరేసరికి 2025 చివరికి వచ్చింది. ఈలోగా ఇంత చిన్న దారి మీదే ఇంత పెద్ద బరువు పడింది.

2024 డిసెంబర్ 2న ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చి నలుగురు చనిపోయారు. 2025 నవంబర్ 3 తెల్లవారుజామున తాండూరు నుంచి నగరానికి పోతున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొంది. 19 మంది పోయారు. కంకర కింద కూరుకుపోయినవాళ్లలో చదువులకు, ఉద్యోగాలకు తిరిగి పోతున్న పిల్లలు ఉన్నారు. ఆ రోజు చేవెళ్ల ఆసుపత్రి దగ్గర ఏడుపులు విన్నవాళ్లకు ఈ రోడ్డు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

రోడ్డు తట్టుకోలేకపోవడానికి నేతే రానక్కరలేదు. 2024 ఏప్రిల్ 19న చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేనివాళ్లకు గరుడ ప్రసాదం పంచుతారన్న మాట సామాజిక మాధ్యమాల్లో పాకింది. తెల్లారేసరికి వేల వాహనాలు. లంగర్‌హౌజ్ దాకా, మెహిదీపట్నం దాకా ట్రాఫిక్ స్తంభించింది. జనాన్ని వెనక్కి పొమ్మని పోలీసులు వేడుకోవాల్సి వచ్చింది. అర్చకులు అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చారు. అప్పుడు అందరూ అది ఊహించని విపత్తు అన్నారు. ఒప్పుకుంటాను. కానీ సభ అలా కాదు. అది తారీకు పెట్టి, అనుమతి తీసుకుని, పోస్టర్లు వేసి చేసే పని. ఊహించలేదని చెప్పడానికి వీల్లేని రద్దీ అది.

గేట్ల వెనక

మొయినాబాద్‌లో పెద్దవాళ్ల రాకపోకలు సభలతోనే ఆగవు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలకు వీల్లేదన్నారు. భవనాలు లేచే వీలు లేని చోట ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. ఎత్తైన ప్రహరీలు, ఇనుప గేట్లు, కెమెరాలు, కాపలా మనుషులు. 2022 అక్టోబర్ 26 రాత్రి అజీజ్‌నగర్ దగ్గరి ఒక ఫామ్‌హౌస్‌లో ఎమ్మెల్యేల కొనుగోలు బేరం జరుగుతోందన్న కేసులో సైబరాబాద్ పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. ఆ రాత్రి టీవీల్లో మొయినాబాద్ పేరు దేశమంతా మోగింది. ఆ ఊళ్లలో పుట్టిపెరిగిన రైతుకు ఆ గేటు లోపల ఏముందో టీవీ చూస్తేనే తెలిసింది.

సభ బారికేడ్ రెండు రోజుల్లో లేస్తుంది. ప్రహరీ లేవదు. చెరువుకు, పొలానికి పోయే బండ్లబాటకు గోడ అడ్డం పడిందన్న తగాదాలు నగరం చుట్టుపక్కల ఏ తహసీల్దార్ ఆఫీసులో అడిగినా దొరుకుతాయి. దీని గురించి విడిగా రాయాల్సినంత ఉంది.

వేరేచోట్ల ఏం చేశారు

నగరాలకు ఈ బాధ కొత్త కాదు. 2017 నవంబర్ 28 నుంచి 30 దాకా హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చారు. దానికి ముందే నవంబర్ 8 నుంచి రెండు నెలలపాటు నగరంలో భిక్షాటన నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వెలువడింది. చౌరస్తాల్లో ఉన్నవాళ్లను జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. 2023 సెప్టెంబర్‌లో జీ20 కోసం న్యూఢిల్లీ జిల్లాలో దుకాణాలు, ఆఫీసులు, బడులు మూసేశారు. మురికివాడల ముందు ఆకుపచ్చ పరదాలు కట్టారు. రోజువారీ సంపాదన మీద బతికే బండివాడికి ఆ మూడు రోజుల ఆదాయం ఎవరూ ఇవ్వలేదు.

కెనడాలో కాస్త నయం. 2010 జూన్‌లో టొరంటోలో జీ20 జరిగినప్పుడు నగరం నడిబొడ్డున కంచె కట్టారు, వ్యాపారాలు దెబ్బతిన్నాయి. భద్రతా వలయం వల్ల నష్టపోయిన దుకాణాలు పరిహారం అడిగే పద్ధతి అక్కడ ముందునుంచే ఉంది. అడిగినవాళ్లందరికీ అడిగినంత దక్కలేదు. అయినా అడగడానికి ఒక కాగితం, తీసుకోవడానికి ఒక ఆఫీసు ఉన్నాయి. మనకు ఆ కాగితమే లేదు.

సభలే వద్దనడం జవాబు కాదని మాత్రం గట్టిగా చెప్పాలి. 2022 డిసెంబర్ 28న కందుకూరులో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు రాజకీయ కార్యక్రమాల తొక్కిసలాటల్లో చనిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనవరి 2న 1వ నంబరు జీవో తెచ్చి రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేసింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. గుమికూడే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. చేవెళ్ల దళితవాడ నుంచి డిక్లరేషన్ వినడానికి నడిచివచ్చిన మనిషికి ఆ సభ తనది. పూలబండి రైతు హక్కు కోసం అతని హక్కు తీసేయడం ఎంత మాత్రం న్యాయం కాదు. ఇద్దరికీ చోటు చూపించే పని ప్రభుత్వానిది, సభ పెట్టే పార్టీది.

అదేమంత కష్టమూ కాదు. చేవెళ్ల, మొయినాబాద్ ఇప్పుడు మున్సిపాలిటీలు. ఊళ్లలో ఇప్పటికీ దండోరా ఉంది, వాట్సాప్ గ్రూపులూ ఉన్నాయి. ఏ రోడ్డు ఏ గంట నుంచి ఏ గంట దాకా మూస్తారో మూడు రోజుల ముందు చెబితే రైతు కోతను ఒక రోజు ముందుకో వెనక్కో జరుపుకుంటాడు. జెర్బెరా ఒక రోజు మొక్క మీదే ఆగుతుంది. బారికేడ్ దగ్గర వాడిపోతుంది గానీ తోటలో వాడిపోదు. ఖాళీ కాన్వాయ్‌తో నడిపి చూసే ట్రయల్ రన్‌ను పొద్దున్నే సరుకు బండ్లు దాటాక పెట్టుకోవచ్చు. సభ ముగిశాక నేత కార్లతో పాటు రాత్రి సరుకు బండ్లకు కూడా ఒక వరస వదలొచ్చు.

ఇప్పుడు సభకు అనుమతి అడిగే పార్టీ పోలీసులకిచ్చే దరఖాస్తులో వేదిక ఎక్కడ, జనం ఎంతమంది, వాహనాలు ఎన్ని, పార్కింగ్ ఏ సర్వే నంబర్లో, కరెంటు ఎక్కడి నుంచి, వాలంటీర్లు ఎవరు, అన్నీ రాస్తుంది. దానికి ఒక్క పేజీ కలపాలి. అద్దెకు తీసుకున్న ఆర్టీసీ బస్సుల బదులు ఈ రూట్లో ఏ బస్సులు తిరుగుతాయి? రాత్రి రెండు నుంచి పొద్దున ఏడు దాకా మార్కెట్ బండ్లు ఏ దారిన పోతాయి? సైరన్ లేని గర్భిణి ఆటో ఆగితే ఏ ఫోన్ నంబరుకు చెప్పాలి, ఆ ఫోన్ ఎత్తే అధికారి పేరేమిటి? పొలంలో తొక్కిన పంటకు, రోడ్డు మీద వాడిపోయిన సరుకుకు డిపాజిట్‌గా పార్టీ ఎంత కడుతుంది, ఎన్ని రోజుల్లో రైతుకు ఇస్తుంది? ఈ నాలుగు గడులు నింపని దరఖాస్తుకు డీసీపీ సంతకం పెట్టకూడదు. వచ్చే ఎన్నికలు ఎప్పుడు వచ్చినా చేవెళ్లలో సభ ఖాయం. ఆ దరఖాస్తు రాసుకోవడానికి ఇప్పుడే టైం ఉంది.